స్వతంత్ర వృత్తులు - ఆదాయపు పన్ను

నెల జీతము గాక, ఒప్పుకొన్న పనికి ప్రతిఫలము పొంది జీవించు మనకు వచ్చిన రాబడి అంతయు ఆదాయము కాదు. వృత్తి నిమిత్తమే వెచ్చించిన అద్దె, ప్రయాణపు ఖర్చు, సహాయకుని వేతనము తీసివేయగా మిగిలినదే పన్నుకు లోనగు ఆదాయము. ఇంటి ఖర్చులు ఇందు చేరవు. ఇంటనే పని చేయువారు విద్యుత్తు బిల్లులో వృత్తికి చెందిన భాగమునే చూపవలెను.

పని ఇచ్చినవారు ముందుగా మినహాయించిన పన్నే తుది పన్నని తలచి, పలువురు రిటర్ను దాఖలు చేయక, తిరిగి రావలసిన సొమ్మును పోగొట్టుకొందురు.

2016 ఆర్థిక చట్టము వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మొదలగువారికి, రాబడి నిర్ణీత పరిమితిని మించనిచో, అందు కనీసము సగమును ఆదాయముగా చూపు సులభ మార్గము కల్పించినది. అప్పుడు ఖర్చులను వేరుగా కోరరాదు. ఖర్చు సగమునకు మించినచో పద్దు పుస్తకములే మనకు రక్ష. కనుక ఏనాటి రసీదును ఆనాడే భద్రపరచుకొందము.