145 ఫైళ్లు, ఒక పట్టిక, మన పేర్లు



ఈ పూట ఒక చిన్న ప్రోగ్రామింగ్ పని గురించి మాట్లాడుకుందాం. విడివిడిగా ఉన్న బోలెడు టెక్స్ట్ ఫైళ్లను కలిపి ఒకే పట్టికగా చెయ్యడం. ఇదేదో ఆఫీసు గొడవ అనుకుని రేడియో కట్టేయకండి. నేను ఉదాహరణకి తీసుకున్నది ఈ దేశంలో పుట్టిన పిల్లల పేర్లు. అందులో మన పిల్లలూ ఉన్నారు.

అమెరికాలో బిడ్డ పుట్టగానే సోషల్ సెక్యూరిటీ కార్డుకి అర్జీ పెడతాం కదా. ఆ అర్జీల్లోని మొదటి పేర్లను లెక్కగట్టి సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ వారు ఏటా తమ సైటులో పెడుతుంటారు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పుట్టిన సంవత్సరానికో ఫైలు చొప్పున, 1880 నుంచి 2024 దాకా చూస్తే 145 ఫైళ్లు. ఈ దేశంలో పుట్టినవాళ్లే లెక్క కాబట్టి, ఇండియాలో పుట్టి ఇక్కడికొచ్చిన మనం వాటిలో ఉండం. మన పిల్లలుంటారు.

ఫైలు తెరిస్తే ఒక్కో వరుసలో మూడే సంగతులు, మధ్యలో కామాలు: పేరు, ఆడో మగో తెలిపే అక్షరం, ఎంతమందికి పెట్టారన్న అంకె. 1880 ఫైల్లో మొదటి వరుస మేరీ, ఎఫ్, 7065. అంతే. మరి సంవత్సరం ఏదీ? అది వరుసలో లేదు, ఫైలు పేరులో ఉంది. "వై ఓ బి 1880" అని. వై ఓ బి అంటే ఇయర్ ఆఫ్ బర్త్.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫైళ్లన్నిటినీ ఒకదాని కింద ఒకటి అతికించడానికి ఒక్క కమాండు చాలు. విండోస్‌లో కాపీ, యూనిక్స్‌లో క్యాట్. రెప్పపాటులో ఇరవై లక్షలకు పైగా వరుసలు ఒకే ఫైల్లోకి వచ్చిపడతాయి. కానీ ఆ ఫైల్లో మేరీలు ఎన్నో వరుసల్లో నిలబడి ఉంటారు, ఏ మేరీ ఏ ఏటిదో ఏ వరుసా చెప్పదు. అతికించడం వేరు, కలపడం వేరు. ఒక్కో వరుస తన ఊరూ పేరూ తనే చెప్పుకోగలిగినప్పుడే అది పట్టిక అవుతుంది.

పైథాన్ భాషలో, పాండాస్ అనే లైబ్రరీతో ఈ పని ఎలా చెయ్యాలో మాటల్లో చెబుతాను. మొదటి మెట్టు: ఆ ఫోల్డర్‌లో వై ఓ బి తో మొదలై టీ ఎక్స్ టీ తో ముగిసే ఫైళ్ల జాబితా అడగండి. ఆ పని గ్లోబ్ చేస్తుంది. "ఉన్నవన్నీ ఇవ్వు" అనకండి, దించుకున్న మూటలో వివరాల పీడీఎఫ్ కూడా ఒకటుంటుంది. రెండో మెట్టు: ఒక్కో ఫైలునీ చదవగానే, దాని పేరులోంచి ఆ నాలుగంకెలూ తీసి, సంవత్సరం అనే కొత్త గడిలో వరుస వరుసకీ రాయండి. మూడో మెట్టు: అలా తయారైన ముక్కల్ని ఒక లిస్టులో పోగు చేసి, చివర ఒక్కసారే కాన్‌క్యాట్ చెయ్యండి. ఒక్కో ఫైలు చదివినప్పుడల్లా పెద్ద పట్టికకి తగిలిస్తూ పోతే, ప్రతిసారీ పాతదంతా మళ్లీ కాపీ అవుతుంది. పని నత్తనడక నడుస్తుంది.

ఇందులో ఒక గొయ్యి ఉంది. ఈ ఫైళ్లకి పైన శీర్షిక వరుస లేదు. ఆ సంగతి మనం చెప్పకపోతే పాండాస్ మొదటి వరుసనే శీర్షిక అనుకుంటుంది. ప్రతి ఫైల్లోనూ ముందు ఆడపిల్లలు, అందులోనూ ఎక్కువమందికి పెట్టిన పేరు మొదట ఉంటుంది. అంటే ఏటా మొదటి స్థానంలో నిలిచిన ఆడపిల్ల పేరే లెక్కలోంచి ఎగిరిపోతుంది! పైగా 1880 ఫైలు శీర్షిక 7065 అనీ, 1881 ఫైలు శీర్షిక 6919 అనీ వేరువేరుగా కనబడేసరికి, కాన్‌క్యాట్ వాటిని వేరువేరు నిలువు గడులుగా పరుస్తుంది. పట్టిక పక్కకి పెరిగి, సగానికి పైగా ఖాళీలు మిగులుతాయి.

ఇంకొకటి చూడండి. నాన్ అని పాతకాలపు ఇంగ్లీషు పేరు ఒకటుంది. ఎన్, ఎ, ఎన్. పోల్చడానికి వీలుగా ఉంటుందని పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చి, ఫైలుగా దాచి, మళ్లీ చదివారనుకోండి. పాండాస్ దృష్టిలో చిన్నక్షరాల నాన్ అంటే "విలువ లేదు" అని అర్థం. ఆ అమ్మాయిలంతా మాయం. ఇలాంటివి పట్టుకోవడానికి నేను వాడేది మన కిరాణా కొట్టు లెక్కే: కలపకముందు ఫైళ్లన్నిటిలో ఎన్ని వరుసలు, కలిపాక పట్టికలో ఎన్ని? రెండూ సరిపోవాలి. సంవత్సరాలు 145 ఉన్నాయా? ఖాళీ పేర్లు సున్నాయేనా? ఈ మూడూ చూశాకే ముందుకి పోవాలి.

ఇప్పుడు మన పేర్ల సంగతి. ఒక ఏడాదిలో అయిదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరుని, వారి గుట్టు కాపాడడానికి, ఆ ఏటి ఫైల్లో వెయ్యరు. రాష్ట్రాల వారీగా వేరే ఫైళ్లున్నాయి, వాటికీ ఇదే నియమం. ఒక పేరు ఒహాయోలో నలుగురికి, టెక్సాస్‌లో ముగ్గురికి పెట్టారనుకోండి. దేశం ఫైల్లో ఏడు అని ఉంటుంది, రాష్ట్రాల ఫైళ్లలో అసలు కనబడదు. కాబట్టి రాష్ట్రాలన్నీ కలిపినా దేశం రాదు. తక్కువమంది పెట్టుకునే మనలాంటివాళ్ల పేర్లే ఆ తేడాలో జారిపోతాయి.

స్పెల్లింగు మారితే పేరు మారినట్టే. శ్రియ అన్న పేరుని ఎస్ ఆర్ తో రాసినవాళ్లు ఒక వరుస, ఎస్ హెచ్ ఆర్ తో రాసినవాళ్లు ఇంకో వరుస. ఖాళీలూ చిన్న గీతలూ తీసేస్తారు కనక, సాయి కృష్ణ అని మొదటి పేరు గడిలోనే రాస్తే రెండూ అతుక్కుపోతాయి. ఇక పేరుకి పదిహేను అక్షరాలే హద్దు. వెంకటసత్యనారాయణ ఇంగ్లీషులో ఇరవై అక్షరాలు. తాతగారు ఆ గడిలో పట్టరు!

పట్టికలో ఖాళీ గడి కనబడగానే సున్నా పెట్టి నింపడం ప్రోగ్రామర్లకి అలవాటు. ఇక్కడ మాత్రం అది అబద్ధం. ఆ ఖాళీకి అర్థం సున్నా కాదు, సున్నా నుంచి నాలుగు దాకా ఏదైనా కావచ్చు. నేనైతే ఖాళీని ఖాళీగానే ఉంచుతాను. అలాగే 1937కి ముందు పుట్టినవాళ్లలో చాలామంది ఆ కార్డుకి అర్జీ పెట్టనేలేదు. అందుకని పాత సంవత్సరాల అంకెల్ని అప్పటి జననాల లెక్కగా చూడకూడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బిడ్డకి పేరు పెట్టే ముందు ఇలాంటి జాబితాలు చూసుకునేవాళ్లు మనలో ఉన్నారు. "ఈ పేరు ఇక్కడ ఎవరికీ లేదట, పిల్లాడికి బడిలో ఇబ్బందవుతుందేమో" అని నానమ్మ పేరో తాత పేరో పక్కన పెట్టేస్తున్నారు. పట్టికలో లేనంత మాత్రాన ఆ పేరు ఈ దేశంలో లేదని కాదు. పక్క వీధిలోనే ఒకరు ఆ పేరు పిలుస్తుండవచ్చు. ఆ అయిదుగురి లెక్కకి ఇద్దరో ముగ్గురో తక్కువయ్యారు, అంతే. మీకు నచ్చిన పేరు మీరు పెట్టుకోండి.