గౌతమీతీరమున తీతువుపిట్ట

మాఘము వెడలి ఫాల్గుణము ప్రవేశించు దినములలో పక్షులను చూచుటకు కోనసీమవారు దూరము పోనక్కరలేదు. ఆత్రేయపురమునకు చేరువనున్న వాడపల్లి రేవున ఒక ఉదయము నిలిచిన చాలును. ఏడు శనివారముల మ్రొక్కు తీర్చుకొనుటకు వేలకొలది యాత్రికులు వేంకటేశ్వరుని సన్నిధికి వచ్చుచుందురు. వారు స్నానమాడు గౌతమి యొడ్డుననే ఈ ఋతువున రెండు విశేషములు జరుగుచుండును: వలసపక్షుల ప్రయాణము, స్థానికపక్షుల కాపురము.

వెళ్లిపోవు పక్షులలో మొదట చెప్పదగినది కాటుకపిట్ట. మన కవులు సుందరుల కన్నులకు ఉపమానముగా గ్రహించిన ఖంజరీట మిదియే. శరత్కాలమున ఉత్తరదేశములనుండి వచ్చి, తోక నాడించుచు దాళ్వా చేలగట్లపై పురుగుల నేరుకొని తిని, వేసవి ముదురకమునుపే మరలిపోవును. కోయిల యట్లు కాదు. శీతకాలమున మనతోటలలోనే మౌనముగా నుండి, మామిడిపూతతోపాటు గొంతు విప్పును. ‘కూ’ యని పాడునది నల్లని మగపక్షి. చుక్కలుగల గోధుమవన్నె ఆడుపక్షి కాకిగూటిలో గ్రుడ్లిడును.

ఇక నదిని చూతము. ధవళేశ్వరమున కాటన్ దొర 1852లో ముగించిన ఆనకట్టకు మారుగా నేడు బ్యారేజి యున్నది. దాళ్వా పంటకై నీరు కాలువలకు మరలగా, దిగువను గౌతమి సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయల్పడును. మనకు ఆ తిన్నెలు వట్టి ఇసుక. కొన్ని పక్షులకు అవియే పురిటిండ్లు. నల్లని తల, పసుపుపచ్చని ముక్కు, చీలినతోక గల నదీపక్షి యొకటి ఇసుకలో చిన్నగుంట చేసి రెండు మూడు గ్రుడ్లు పెట్టును. గడ్డిపోచయైన పరవదు. ఈ జాతి తగ్గిపోవుచున్నదని గుర్తించి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2020లో దీనిని ఆపదకు లోనైన వానిలో చేర్చినది.

తీతువుపిట్టయు నేలమీదనే గ్రుడ్లిడును. సామాన్యముగా నాలుగు. మట్టిరంగుపై నల్లని మచ్చలుండుటచే అడుగు దూరమున నున్నను కంటబడవు. ఎండ తీవ్రమైనచో తల్లిపక్షి నీటిలో పొట్ట తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబరచును. ఎవరైన సమీపించినచో ఆలుమగలు రెండును తలపై తిరుగుచు అరచును. ఈ అరపునే మనవారు చావుకూత యందురు, రాయి విసరుదురు. విచారించినచో అది మన చావును చాటు కూత కాదు. తన పిల్లల ప్రాణముకై పెట్టు మొర.

పంచతంత్రమున టిట్టిభ దంపతుల కథ కలదు. టిట్టిభ మనగా తీతువే. వాని గ్రుడ్లను సముద్రుడు హరింపగా, పక్షులన్నియు గరుత్మంతునితో మొరపెట్టుకొన్నవి. ఆయన స్వామికి విన్నవింపగా సముద్రుడు గ్రుడ్ల నప్పగించెను. గరుడవాహనుని దర్శింపవచ్చినవారు ఈ కథను తలంచుట యుక్తము. నేడు ఆ గ్రుడ్లకు సముద్రునివలన భయము లేదు. ఇసుకబండ్ల చక్రములు, ఊరకుక్కలు, మన పాదములే భయహేతువులు.

మనము చేయవలసినది స్వల్పము. ఫాల్గుణమునుండి వైశాఖము వరకు, తీతువు అరచినచోట ముందుకు సాగక, వచ్చినదారినే వెనుకకు మరలవలెను. కుక్కలను తిన్నెలపైకి తోడుకొనిపోరాదు. ఇసుక తీయువారు గ్రుడ్లున్న తావును విడిచి, పిల్లలు లేచిన పిదప తీయవచ్చును. గ్రుడ్లు పొదుగుటకు సుమారు నాలుగు వారములు పట్టును. అంతకాలము ఒక మూల ఇసుక ఆగినందున ఎవరి ఇల్లును నిలిచిపోదు.

బాలబాలికలకు మరియొక పని చెప్పెదము. ఏటేట ఫిబ్రవరిలో నాలుగు దినములు లోకమంతట పెరటిపక్షుల లెక్కింపు జరుగుచున్నది. పదునైదు నిమిషములు ఒకచోట నిలిచి, కనబడిన పక్షులను వ్రాసికొనిన చాలును. కాటుకపిట్ట కడసారి కనిపించిన దినమును, కోయిల తొలిసారి కూసిన దినమును పుస్తకమున వ్రాసియుంచుడు. మరుసటి యేడు పోల్చి చూచుకొనుడు. గోదావరి యొడ్డున ఏది మిగిలినదో, ఏది తగ్గినదో ఆ పుస్తకమే తెలుపగలదు.