గ్రహగతి – మానవగతి

(వైశాఖ పూర్ణిమనాడు బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో జరిగిన ధమ్మసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు వచ్చే దారిలో మీరందరూ సదర్ బజార్ నగల దుకాణాలను దాటుకొని వచ్చారు. కెంపు, ముత్యం, పగడం, పచ్చ, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం – ఈ తొమ్మిది రత్నాలు తొమ్మిది గ్రహాలకు ప్రతినిధులని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాటిలో నీలంతో మా కుటుంబానికి ఒక పాత సంబంధం ఉంది. ఆ సంగతి చివర విన్నవిస్తాను. అంతకు ముందు, జ్యోతిష్కుడు గ్రహాల ఆవర్తనాలను ఆధారం చేసుకొని భవిష్యత్తును ఎలా చెబుతాడో నిష్పక్షపాతంగా తెలుసుకుందాం. తెలియనిదానిని ఖండించడం ధమ్మమార్గం కాదు.

ఆకాశంలో గ్రహాల తిరుగుడు నిజం. ఎవరూ దానిని కాదనరు. శని రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 29 సంవత్సరాల ఆరు నెలలు పడుతుంది. అంటే ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర సంవత్సరాలు. గురువుకు దాదాపు 12 సంవత్సరాలు. అంటే రాశికొక సంవత్సరం. రాహుకేతువులు కంటికి కనిపించే గోళాలు కావు. చంద్రుని మార్గం సూర్యుని మార్గాన్ని ఖండించే రెండు బిందువులవి. అవి వెనుకకు జరుగుతూ సుమారు 18 సంవత్సరాల ఏడు నెలలకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. గ్రహణాలు నీడల వల్ల కలుగుతాయని 499 నాటికే ఆర్యభటుడు వ్రాశాడు. ఈ లెక్కలు కట్టిన మన పూర్వులకు నేను నమస్కరిస్తున్నాను.

ఇక్కడి నుండి జ్యోతిష్కుని పని మొదలవుతుంది. అతడు ముఖ్యంగా రెండు దారులలో నడుస్తాడు. మొదటిది గోచారం. జన్మకాలంలో చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో దానికి పన్నెండవ రాశిలోను, జన్మరాశిలోను, రెండవ రాశిలోను శని సంచరించే ఏడున్నర సంవత్సరాలను ఏలినాటి శని అంటారు. ఆ మాట వింటేనే మన ఇండ్లలో గుండె జారుతుంది. కానీ కాస్త లెక్క వేయండి. పన్నెండు రాశులలో మూడు రాశులవారికి ఎల్లవేళలా ఏలినాటి శని ఉండి తీరుతుంది. అంటే ఈ సభలో ఇంచుమించు నాలుగవవంతు మంది ఇప్పుడు దానిలోనే కూర్చొని ఉన్నారు. నాలుగింటి అర్ధాష్టమ శనిని, ఎనిమిదింటి అష్టమ శనిని కూడా కలిపితే పన్నెండు రాశులలో ఐదు రాశులు శని బాధితులే. ఇంతమందిలో ఏడున్నర సంవత్సరాల కాలంలో ఒక కష్టమైనా రాని ఇల్లు ఎక్కడుంటుంది? మృతి ఎరుగని ఇంటి నుండి గుప్పెడు ఆవాలు తెమ్మని తథాగతుడు కిసాగోతమిని పంపిన కథ మీకు తెలియనిది కాదు.

రెండవది దశా పద్ధతి. వింశోత్తరి దశలో మనిషి ఆయుర్దాయం 120 సంవత్సరాలు. కేతువుకు 7, శుక్రునికి 20, రవికి 6, చంద్రునికి 10, కుజునికి 7, రాహువుకు 18, గురువుకు 16, శనికి 19, బుధునికి 17. జన్మనక్షత్రాన్ని బట్టి మొదటి దశ నిర్ణయమవుతుంది. భరణి నక్షత్రంలో సరిగా సగం దూరం చంద్రుడు నడిచిన క్షణంలో పుట్టిన బిడ్డకు శుక్రదశలో పది సంవత్సరాలు మిగిలి ఉంటాయి. ఆపైన రవి, చంద్ర, కుజ దశలు వరుసగా వస్తాయి. ఒక్కొక్క మహాదశలో మళ్ళీ తొమ్మిది అంతర్దశలు.

ఈ లెక్క ఎంతో చక్కగా కుదురుతుంది. అందుకే మనకు నమ్మకం కలుగుతుంది. కానీ ఒక్క ప్రశ్న అడుగుదాం. శుక్రుడు సూర్యుని చుట్టూ సుమారు 225 రోజులలో తిరిగివస్తాడు. మరి అతని దశకు 20 సంవత్సరాలు ఆకాశంలో ఎక్కడి నుండి వచ్చాయి? రవికి ఆరు సంవత్సరాలు ఎక్కడివి? ఇవి గ్రహాల ఆవర్తనాలు కావు. గ్రహాల పేర్లు పెట్టుకున్న అంకెలు. అష్టోత్తరి అనే మరొక పద్ధతి ఉంది. అందులో మొత్తం 108 సంవత్సరాలే. శనికి 19 బదులు 10, చంద్రునికి 10 బదులు 15. కేతువుకు అసలు భాగమే లేదు. అదే మనిషి, అదే జన్మక్షణం, అదే ఆకాశం. కానీ ఒక పద్ధతిలో శని ఏలుతున్న నాడు మరొక పద్ధతిలో వేరొక గ్రహం ఏలవచ్చు.

మన ఉగాది పంచాంగ శ్రవణమే తీసుకోండి. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారం వస్తే ఆ వారాధిపతి ఆ సంవత్సరానికి రాజు. మేష సంక్రమణం ఏ వారం జరిగితే ఆ వారాధిపతి మంత్రి. 2024లో ఉగాది మంగళవారం వచ్చింది. క్రోధి నామ సంవత్సరానికి కుజుడు రాజయ్యాడు. 2025లో ఆదివారం వచ్చింది. విశ్వావసుకు రవి రాజయ్యాడు. వారం అనేది మనుషులు ఏర్పరచుకున్న ఏడు రోజుల లెక్క. వానలు కురుస్తాయా, ధరలు పెరుగుతాయా అన్న తీర్పును ఆ లెక్క చేతిలో పెడుతున్నాం. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అంకెలతో సహా విని, ఉగాది పచ్చడి తిని ఇంటికి వెళుతున్నాం. వినోదంగా వింటే నష్టం లేదు. ఆ అంకెను చూసి కూతురి చదువునో కొడుకు వ్యాపారాన్నో ఆపుకొన్నప్పుడే నష్టం.

నేను బిలాస్‌పూర్ డివిజనులో చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నాకు అర్థమైన ఉపమానం రైల్వే టైమ్‌టేబుల్. బండి ఎన్ని గంటలకు వస్తుందో, ఎంతసేపు ఆగుతుందో అందులో ఉంటుంది. ఆ బండిలో కూర్చున్న ప్రయాణికునికి ఉద్యోగం దొరుకుతుందో లేదో, అతని బిడ్డ జ్వరం తగ్గుతుందో లేదో టైమ్‌టేబుల్‌లో ఉండదు. పంచాంగకర్త గ్రహం వచ్చే వేళను సరిగానే చెబుతున్నాడు. ఆ ఖచ్చితత్వాన్ని చూసి, ఫలం కూడా అంతే ఖచ్చితమనుకోవడం మన పొరపాటు. గణితానికి ఉన్న గౌరవాన్ని ఫలితం అప్పు తెచ్చుకొని బ్రతుకుతున్నది.

దీనికి చరిత్ర సాక్ష్యం ఉంది. 1962 ఫిబ్రవరి 3 నుండి 5 వరకు మకరరాశిలో అష్టగ్రహకూటమి ఏర్పడింది. నేను అప్పుడు చిన్నపిల్లవాణ్ణి. ప్రళయం వస్తుందని దేశమంతటా యజ్ఞాలు, హోమాలు జరిగాయి. గ్రహాలు లెక్క ప్రకారమే కూడాయి. ఏ ప్రళయమూ రాలేదు. అదే సంవత్సరం అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, చూశారా ఆ కూటమి ఫలం అన్నవారున్నారు. ఫిబ్రవరిలో చెప్పినది ప్రళయం. అక్టోబరులో దొరికినది యుద్ధం. జరిగిన తరువాత బాణం చుట్టూ గురి గీయడం ఎవరికైనా సాధ్యమే. ఐరోపాలోనూ 1186లో తులారాశి కూటమిని చూసి పెనుగాలులు వస్తాయని, 1524లో మీనరాశి కూటమిని చూసి జలప్రళయం వస్తుందని జనం వణికిపోయారు. రెండూ రాలేదు.

పరీక్ష పెట్టి చూసినవారు కూడా ఉన్నారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, హేతువాది నరేంద్ర దభోల్కర్ ప్రభృతులు 2008లో మహారాష్ట్రలో ఒక ప్రయోగం చేశారు. చదువులో మెరుగైన పిల్లల జాతకాలు 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు 100 సేకరించారు. ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులకు తలా 40 జాతకాలు ఇచ్చారు. సమాధానాలు పంపిన 27 మందికి సగటున నూటికి 46 సరిపోయాయి. నాణెం ఎగురవేసినా నూటికి 50 సరిపోతాయి కదా!

2015 జులై 14ను కూడా తలచుకోక తప్పదు. గురువు సింహరాశిలో ప్రవేశించాడు. గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. తొలి గడియల స్నానమే మహాపుణ్యమని రాజమహేంద్రవరంలో ఒకే ఘట్టానికి జనం పోటెత్తారు. తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించారు. గురువు వేళకే వచ్చాడు. ఒకే గడియలో ఒకే మెట్లపైకి అంతమంది రావడమే ప్రాణాలు తీసింది. కార్యకారణం ఆకాశంలో లేదు. ఆ మెట్ల దగ్గరే ఉంది.

ఇక తథాగతుడు ఏమన్నాడు? ఆయన నక్షత్రాలను చూడవద్దనలేదు. వినయపిటకంలో ఒక సంగతి ఉంది. అరణ్యంలో ఉన్న భిక్షువుల దగ్గరకు దొంగలు వచ్చారు. నీళ్ళున్నాయా, నిప్పుందా, ఈ రాత్రి ఏ నక్షత్రం, ఇది ఏ దిక్కు అని అడిగారు. భిక్షువులకు ఏదీ తెలియదు. వీరు భిక్షువులే కారని దొంగలు కొట్టిపోయారు. అప్పుడు భగవానుడు, అడవిలో నివసించే భిక్షువు నీళ్ళు, నిప్పు సిద్ధంగా ఉంచుకోవాలని, నక్షత్రస్థానాలను, దిక్కులను నేర్చుకోవాలని విధించాడు. అంటే నక్షత్రం గడియారం; నక్షత్రం దిక్సూచి. అదే దీఘనికాయపు బ్రహ్మజాల సుత్తంలో, గ్రహణాలను, గ్రహగతులను చూసి ఫలాలు చెప్పి జీవించడం భిక్షువుకు తగని వృత్తి అని ఆయన స్పష్టం చేశాడు. రెండు మాటలలో వైరుధ్యం లేదు. కాలాన్ని తెలుసుకో, కాలానికి దాసుడవు కాకు అన్నదే వాటి సారం.

నక్ఖత్త జాతక కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పట్నంవారు పల్లెలోని పిల్లను కోడలిగా నిశ్చయించుకున్నారు. ముహూర్తం పెట్టుకున్నాక, తమ ఇంటికి వచ్చిపోయే ఆజీవకుని ఈ రోజు మంచిదేనా అని అడిగారు. ముందుగా తనను అడగలేదని అతనికి కోపం. ఈ రోజు నక్షత్రం బాగాలేదన్నాడు. వీరు వెళ్ళలేదు. పల్లెవారు ఎదురుచూసి, సిద్ధమైన పెండ్లి ఆగకూడదని పిల్లను మరొకరికిచ్చి చేశారు. మరునాడు వీరు వెళితే తగవే మిగిలింది. చేతికందిన మేలే శుభనక్షత్రమని, దానిని వదలి ఆకాశం వైపు చూసేవానిని మేలు దాటిపోతుందని ఆ కథ తేల్చి చెబుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సిద్ధార్థుడు పుట్టినప్పుడు అసితముని భవిష్యత్తు చెప్పలేదా అని. అసితుడు చూసినది శిశువు శరీర లక్షణాలనని సంప్రదాయం, గ్రహాలను కాదు. పైగా, బ్రాహ్మణులు చెప్పిన భవిష్యత్తులో రెండు దారులున్నాయి, చక్రవర్తి లేదా బుద్ధుడు. దారిని ఎంచుకొన్నది సిద్ధార్థుడే. బాబాసాహెబ్ అంబేడ్కర్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’ గ్రంథంలో గృహత్యాగానికి కారణంగా రోహిణీ నదీజలాల వివాదాన్ని చూపారు. మానవుని నిర్ణయానికి మానవ సమాజంలోనే కారణం వెదికారు.

బౌద్ధదేశాలు జ్యోతిష్యాన్ని నమ్మడం లేదా అని మరొక ప్రశ్న. నమ్ముతున్నాయి. బర్మా స్వాతంత్ర్యానికి 1948 జనవరి 4 తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలను జ్యోతిష్కులే నిర్ణయించారు. ఆ శుభఘడియ ఆ దేశాన్ని అంతర్యుద్ధం నుండి కాపాడలేదు. శ్రీలంకలో అధ్యక్షుడు మహింద రాజపక్స తన జ్యోతిష్కుని మాట విని గడువుకు ముందే ఎన్నికలు పెట్టి, 2015 జనవరిలో ఓడిపోయాడు. బుద్ధవిగ్రహం ముందు దీపం వెలిగించినంత మాత్రాన భయం పోదు. భయానికి కారణం వెదికినప్పుడే పోతుంది.

ఇప్పుడు నీలం సంగతి. మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో పనిచేశారు. అమ్మకు రొమ్ములో గడ్డ కనిపించింది. వెంటనే ఆపరేషన్ చేయించమన్నారు డాక్టరు. నాన్నగారు జాతకం చూపించారు. శని అంతర్దశ ముగియడానికి నాలుగు నెలలున్నాయని, అంతవరకు కత్తి తగలరాదని చెప్పారు. ఆపరేషన్‌కని దాచిన డబ్బుతో ఈ సదర్ బజార్‌లోనే నీలం ఉంగరం చేయించారు. నేను నాన్నగారి పక్కనే నిలబడి, కంసాలి ఆ రాయిని పొదగడం చూశాను. అప్పటికే నాకు ఉద్యోగం వచ్చింది. పదిమంది చేత వినిపించుకోగల నోరుంది. అయినా ఏమీ అనలేదు. నాలుగు నెలలు గడిచాయి. శని వెళ్ళాడు. ఆపరేషన్ జరిగింది. ఏడాది తిరగకుండా అమ్మ వెళ్ళిపోయింది.

ముందే చేయించి ఉంటే బ్రతికేదని నేను ఈ వేదికపై చెప్పను. అది ఎవరూ చెప్పలేరు. అలా చెబితే నేను కూడా జోస్యం చెప్పినవాణ్ణే అవుతాను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ నాలుగు నెలలు మా చేతిలో ఉన్నవి. వాటిని మేమే ఆకాశానికి అప్పగించాము. నాన్నగారిని నేను నిందించను. ఆయన అమ్మను ప్రేమించారు, భయపడ్డారు, భయపడినవానికి ఎవరో ఒక తేదీ చెప్పారు. తేదీ చెప్పేవాడు భయపడేవానికి దేవునిలా కనిపిస్తాడు. ఏమీ అనకుండా నిలబడిన నా మౌనానికి మాత్రం ఏ గ్రహాన్నీ బాధ్యుణ్ణి చేయలేను.

1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు జనం భయపడుతుంటే, మన విజయనగరపు గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’లో దానిని అరిష్టంగా కాక సంఘసంస్కరణకు సంకేతంగా చూశారు. ఆకాశం అదే, చూసే కన్ను వేరు. ఆ కన్నును మనం మన పిల్లలకు ఇవ్వాలి.

కనుక ధమ్మబంధువులారా, పంచాంగాన్ని ఇంట్లో ఉంచుకోండి. ఈ వైశాఖ పూర్ణిమ ఎప్పుడో దానిలో చూసుకొనే కదా మనం ఇక్కడ కలిశాం! నమ్మే పొరుగువారిని ఎగతాళి చేయకండి. వారి భయం పక్కన కూర్చోండి. కానీ వైద్యాన్ని దశ కోసం ఆపకండి. కుజదోషమనే మాటతో ఏ ఆడపిల్ల పెండ్లినీ చెడగొట్టకండి. పరీక్షకు, ఉద్యోగానికి, న్యాయం కోసం వేయవలసిన అడుగుకు రాహుకాలం అడ్డు పెట్టుకోకండి. మీ పక్కన ఎవరైనా ఉంగరం చేయించడానికి నిలబడితే, నాలాగా మౌనంగా ఉండకండి. ముందు ఆసుపత్రికి వెళదాం పదండని ఒక్క మాట అనండి.

మా వృత్తిలో ముందు స్టేషన్ నుండి లైన్ క్లియర్ వచ్చేదాకా బండిని కదలనిచ్చేవాళ్ళం కాము. ఆ అనుమతి ఇచ్చేది మరొక మనిషి. చూసి, లెక్కచూసి, బాధ్యత వహించి ఇస్తాడు. మంచిపనికి లైన్ క్లియర్ ఇవ్వవలసినది మన వివేకం. శని తన దారిన తాను తిరుగుతాడు. మన దారిన మనం నడుద్దాం.

సబ్బే సత్తా సుఖితా హోంతు. నమో బుద్ధాయ. జై భీమ్.