అప్పు అందరిదీ, కోత మనకా?

ఎరువుల సబ్సిడీ అడిగినా, ఉపాధి పనులు అడిగినా దేశం అప్పుల్లో ఉందంటున్నారు. నిజమే. 2023-24 కేంద్ర బడ్జెట్ 45 లక్షల కోట్లయితే, వడ్డీలకే 10.8 లక్షల కోట్లు. అదే బడ్జెట్‌లో ఉపాధి హామీకి, ముందటేడు సవరించిన 89,400 కోట్ల నుంచి 60,000 కోట్లకు కోత పెట్టారు.

మరి 2019లో? పెట్టుబడులు రావాలంటూ, రాయితీలు వదులుకున్న కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ప్రభుత్వమే చెప్పింది.

మనం కొనే పురుగుమందుపై 18 శాతం జీఎస్టీ. కంపెనీ లాభం వస్తేనే ఆదాయపు పన్ను కడుతుంది. పంట పోయినా మన జీఎస్టీ తిరిగి రాదు. అప్పు తీర్చాల్సిందే. ఎవరి దగ్గర వసూలు చేసి తీరుస్తారో ఊరూరా అడుగుదాం.