పాత క్యాసెట్లలోని గొంతులు – కంప్యూటరులో భద్రపరచుట



ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్లు మన ట్రంకు పెట్టెలలో ఇంకా మూలుగుచున్నవి. ఘంటసాల వారి భగవద్గీత వంటివి నేడు అంతటా దొరుకును; వాటికై శ్రమపడనక్కరలేదు. గల్ఫ్‌కు పోయిన కొడుకు ఉత్తరమునకు బదులు మాటలు నింపి పంపిన క్యాసెట్ మాత్రం లోకములో ఒక్క ప్రతియే. ముందు అటువంటివి తీయండి. మా ఇంట 1987 నాటిది ఒకటున్నది. మా చెల్లెలి పెండ్లిలో మా అమ్మగారు పాడిన తలుపు దగ్గర పాటలు అందులో ఉన్నవి. ఆమె గొంతు మరెక్కడా లేదు.

క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుండును. అవి విరిచివేసినచో పొరపాటున రికార్డు మీట నొక్కబోయినా పాతది చెరగదు. తెల్లగా బూజు కనిపించిన టేపును నడపవద్దు. వదులైన టేపును పెన్సిలుతో బిగించుట మీకు చెప్పనక్కరలేదు, మనుమలకు చెప్పవలెను. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి. మొదట పనికిరాని క్యాసెట్ పెట్టి చూడండి. పాత యంత్రములు టేపును నమిలివేయగలవు.

ఇక వైరు. రెండు కొసల 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నులున్నది చాలును. ఒక కొస టేప్ రికార్డరు హెడ్‌ఫోన్ సాకెట్‌లో, రెండవది కంప్యూటరు వెనుక లేత నీలిరంగు లైన్ ఇన్ సాకెట్‌లో పెట్టవలెను. గులాబీ రంగుది మైకుది. అందులో పెట్టిన గొంతు పగిలినట్లు వచ్చును. లాప్‌టాప్‌లలో చాలావాటికి లైన్ ఇన్ లేదు గనుక, అది ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనవలెను. ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాములో రికార్డు చేయునప్పుడు శబ్దపు గీత 0 డెసిబెల్‌ను తాకకుండ టేప్ రికార్డరు వాల్యూమ్ తగ్గించండి. 30 నిమిషముల పక్కకు 30 నిమిషములూ పట్టును. మన ఆఫీసు ఫైలు వలె సిఫారసుతో ముందుకు జరగదు.

దాచుకొనుటకు వేవ్ ఫైలు మంచిది. నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు. పంచుటకు ఎంపీ3 చాలును.

మా మనుమడు ఉత్సాహముతో సుయ్యిమను చప్పుడంతా తీసివేసినాడు. అమ్మ గొంతు నీళ్ళలోనుండి వచ్చినట్లయినది. అసలు ప్రతి విడిగా ఉన్నది గనుక బెంగలేదు. అందులో పాట ఆపి, "మజ్జిగలో ఉప్పు చూడవే" అని ఆమె మా ఆవిడను కేకవేయుట కూడ ఉన్నది. వాడు దానిని కత్తిరింతునన్నాడు. నేను వద్దన్నాను.

ప్రతి ఫైలుకు ఊరు, సంవత్సరము, ఎవరి గొంతో వ్రాసి, రెండు చోట్ల ఉంచండి. ఇది పెద్దత్త, ఇది మేనమామ అని పోల్చగలవారు ఇండ్లలో మనమే మిగిలినాము. ఈ పని మనుమలకు వదలినచో కుదరదు.

నా వైరు, సౌండ్ కార్డు సంఘ కార్యాలయములో ఉంచినాను. రిజిస్టరులో సంతకము చేసి తీసుకొనవచ్చును. వారములోగా తిరిగి ఇవ్వగోరుచున్నాను.