మన మాట మినిట్స్ బుక్‌లోకి ఎక్కాలి

(కురిచేడులో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలు)

ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చిన అక్కలకి, పెద్దమ్మలకి మరీ మరీ జోహార్.

ముందు నాకు జరిగిన సంగతి చెప్తా. మా పంచాయతీలో గ్రామసభ పెడుతున్నారని మా కాలనీలో దండోరా వెయ్యలేదు. వేరే పని మీద సచివాలయానికి పోయిన మా పిన్ని చూసి ఫోన్ చేస్తే, నేను పరిగెత్తుకుంటా పోయినా. లేచి నిలబడి అడిగినా. "మా పిల్లలు అంగన్‌వాడీకి పోవాలంటే మెయిన్ రోడ్డు దాటాలి, భయపడి ఎవరూ పంపట్లేదు, మా కాలనీలో ఒక కేంద్రం పెట్టండి" అన్నా. అందరూ తల ఊపారు. "రాసుకున్నాంలేమ్మా, కూర్చో" అన్నారు. వారం తర్వాత మినిట్స్ బుక్ చూపించమని అడిగితే, అందులో మా కాలనీ పేరే లేదు. హాజరు పట్టీలో మాత్రం మా పిన్ని వేలిముద్ర ఉంది.

ఆరోజు నాకు ఒకటి అర్థమైంది. సభలో మన వేలిముద్ర ఉంటది, మన మాట ఉండదు. ప్రభుత్వం డబ్బు మాత్రం రాసిన మాట వెంటే పోతది.

ఏజెన్సీలో ఉన్న మనోళ్ళకి 1996 పెసా చట్టం ఉంది. అక్కడ గ్రామసభకి ప్రత్యేక అధికారాలున్నాయి. మన ప్రాంతం ఐదో షెడ్యూల్ కిందకి రాదు. నల్లమలలో మన రాష్ట్రం వైపు ఉన్న చెంచు గూడేలకి కూడా ఆ రక్షణ లేదు. యానాదుల ఐటీడీఏ నెల్లూరులో ఉంది, చెంచులది శ్రీశైలంలో ఉంది. కురిచేడు నుంచి రెండూ దూరమే. ఊళ్ళో మనం నాలుగైదు గడపలో, ఒక వీధో ఉంటాం. ఓట్ల లెక్కలో చిన్నోళ్ళం. అందుకే ఉన్న మామూలు గ్రామసభనే మనం గట్టిగా పట్టుకోవాలి.

డబ్బు ఎక్కడ నిర్ణయమవుతదో తెలియకుండా అడిగితే "అది మా పరిధి కాదు" అని పంపించేస్తారు. కాబట్టి మూడు కాగితాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది బడి కాగితం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యని బట్టి చోటివ్వాలి. ఆ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యాలి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకి ఆ ప్రణాళికే ఆధారమని అదే చట్టం 22వ సెక్షన్ చెప్తోంది. మరి మన కాలనీ తల్లి ఎవరన్నా ఆ కమిటీలో ఉన్నారా? 2025లో తల్లికి వందనం కింద 15 వేలల్లో 13 వేలు తల్లి ఖాతాలో వేసి, 2 వేలు బడి నిర్వహణకి పక్కన పెట్టారు. మన పిల్లల పేరు మీద తీసిన ఆ 2 వేలతో మన బడిలో ఏం చేశారని అడిగే హక్కు ఆ తల్లికి ఉంది.

రెండోది పంచాయతీ కాగితం. తర్వాతి సంవత్సరం గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఏటా అక్టోబర్ 2 నుంచి సభలు మొదలవుతాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని చెప్పింది. టీచర్ జీతం పంచాయతీని అడిగితే రాదు. కానీ కాలనీ కుళాయి, మురుగు కాలవ గురించి అడిగితే "మా పరిధి కాదు" అనలేరు.

మూడోది సబ్‌ప్లాన్. 2013లో చట్టం వచ్చింది. పదేళ్ళ గడువు ముగిసే ముందు, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. జనాభాలో మన వాటా ఎంతో బడ్జెట్‌లో అంత కేటాయించాలి, ఆ ఖర్చు వల్ల మన మనుషులకి, మన ఇళ్ళకి, మన వాడలకి నేరుగా, లెక్కకి అందే మేలు జరగాలి అని అందులో ఉంది. "ఎస్టీ నిధులు" అని ఎక్కడ విన్నా, ఏ వాడకి, ఎన్ని ఇళ్ళకి అని అడగండి.

ఇప్పుడు అసలు కష్టం. మొన్న మా తాత అడిగాడు: "వాళ్ళ పొలాల్లో పనిచేసి బతుకుతున్నాం. వాళ్ళ ముందే లేచి అడిగితే రేపు పనికి పిలుస్తారా అమ్మాయ్?" ఆ భయం ఉత్తది కాదు. చదువుకున్న మనం "ధైర్యంగా ఉండు తాతా" అని చెప్పి చేతులు దులుపుకోకూడదు. ఒక్కరు లేస్తే ఆ ఒక్కరి పేరే గుర్తుంటది. ఇరవై మంది సంతకాలున్న అర్జీ అయితే ఎవర్ని పక్కన పెడతారు? చదివే పని మనం తీసుకుందాం. తాత మన పక్కన కూర్చుంటే చాలు.

వలస సంగతే చూడండి. జామాయిల్, సుబాబుల్ కర్ర నరకడానికి, మిరప కోతలకి, ఇటుక బట్టీలకి అమ్మానాన్న పోతే పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి బడిలో పేరు తీసేసి ఉంటది. సీజనల్ హాస్టల్ అనే ఏర్పాటు ఉంది. కానీ వలస పోయాక అడిగితే ఏం లాభం? పోకముందే పిల్లల పేర్లు, తరగతులు, ఏ నెలలో పోతారో రాసి ఎంఈవో ఆఫీసులో ఇవ్వాలి.

ఇక్కణ్ణించి పోయాక ప్రతి కాలనీలో ఇద్దరు ఈ పని తీసుకోండి. అర్జీ రెండు కాపీలు రాయండి. రెండో దాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. సభలో పైకి చదవండి. "మినిట్స్‌లో రాసింది చదివి వినిపించండి" అని అడగండి. విన్న తర్వాతే సంతకం. రాయకపోతే సంతకం లేదు, వేలిముద్ర లేదు.

నేనూ తర్వాత సభకి అట్లాగే పోయినా. ఈసారి మా కాలనీ పేరు రాశారు. అంగన్‌వాడీ కేంద్రం ఇంకా రాలేదు, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు ఎంపీడీవో ఆఫీసుకి పోతే చేతిలో తీర్మానం కాపీ ఉంటది. "ఎవరమ్మా నువ్వు" అన్నోళ్ళు ఇప్పుడు "ఏ తేదీ తీర్మానం" అని అడుగుతున్నారు. మా పిన్ని సంతకం నేర్చుకుంటోంది. వచ్చే సభలో తనే చదివించుకుని విని, అప్పుడు సంతకం పెడతానంటోంది.

మీ కాలనీ నుంచి ఎవరు చదువుతారో, ఎవరు సంతకాలు సేకరిస్తారో ఇక్కడ్నించి లేచేలోపు పేర్లు చెప్పండి. రాసుకోవడానికి నేను పుస్తకం తెచ్చినా.

జై ఆదివాసీ.