కయోటీ వేట: గాలివాటు, ఓర్పు

సంధ్యవేళ చెరువుగట్టు మీద నక్క కూసిన వెంటనే ఇంటిలోని పెద్దలు ప్రొద్దు గ్రుంకినదని దీపము పెట్టుటకు లేచెడి దినములు మన శ్రోతలలో పెక్కుమందికి జ్ఞాపకముండును. అట్టి కూతయే, అంతకన్న సన్ననిది, అంతకన్న ఎక్కువ మలుపులు గలది, అమెరికా దేశపు పడమటి మైదానములలో రేయెల్ల వినవచ్చును. ఆ కూత పెట్టునది కయోటీ. దానిని వేటాడు విధమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిమి. మేము రేడియోవారము, చెవిని నమ్ముకొని బ్రదుకువారము. ఈ వేట మమ్ము ఆకర్షించుటకు అదియే కారణము. ఇందు కంటికన్న చెవికిని, చెవికన్న ముక్కునకును పని ఎక్కువ.

కయోటీ అను పేరు మెక్సికో దేశపు ప్రాచీన జనుల నావాటల్ భాషనుండి స్పానిషువారి నోటి మీదుగా వచ్చినది. 1823లో తామస్ సే అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానికి ‘కానిస్ లాట్రాన్స్’ అను శాస్త్రీయ నామము నొసగెను. మొరిగెడి కుక్క యని దాని అర్థము. చూపునకు మన నక్కకన్న కొంచెము పెద్దది, తోడేలుకన్న చిన్నది. పడమటి ప్రాంతములలో పది పదునైదు కిలోల బరువు తూగును. పూర్వము మైదానములలోను, ఎడారులలోను మాత్రమే తిరుగాడెడిది. వలస వచ్చిన తెల్లవారు తోడేళ్లను తుడిచిపెట్టిన పిమ్మట, ఖాళీపడిన చోటులను ఇది ఆక్రమించుకొన్నది. ఇప్పుడు హవాయి తప్ప అమెరికా రాష్ట్రములన్నిటను, కెనడాలోను, దక్షిణమున పనామా వరకును వ్యాపించి యున్నది.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పబోవు విద్యను మన ఊరి నక్కపై ప్రయోగింపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశమున నక్కను చంపుట నేరము. అమెరికాలో కయోటీకి అట్టి రక్షణ చాలచోట్ల లేదు. నియమములు రాష్ట్రమునకొక తీరున నుండును గనుక, అచ్చటివారు సయితము వాటిని తెలిసికొననిదే తుపాకి బయటికి తీయరాదు.

ఈ వేట ఆరంభమగునది తుపాకితో కాదు, చచ్చిన గొఱ్ఱెపిల్లతో. టెక్సాస్, వ్యోమింగ్, మాంటానా రాష్ట్రములలో మందలు పెంచువారికి వసంతకాలమున ఈనిక దినములలో కంటిమీద కునుకుండదు. తెల్లవారి చూచుకొనునప్పటికి ఒక పిల్ల తక్కువ పడును. “ఇది కయోటీ పనియే” అని తీర్మానించుట సులభము. అనుభవశాలి అట్లు తొందరపడడు. కత్తి తీసి కళేబరము మెడ కడ చర్మము నొలిచి చూచును. చర్మము క్రింద కోఱల గాట్లును, వాటి చుట్టు నెత్తురు గడ్డకట్టి కమిలిన మచ్చలును ఉన్నచో, జీవి బ్రదికి యుండగా కఱచినదని అర్థము. గాట్లుండియు కమిలిన గుర్తులు లేకున్నచో, ఆ పిల్ల చలికో రోగమునకో ముందే చచ్చినది. కయోటీ తరువాత వచ్చి తిన్నది మాత్రమే. చచ్చినదానిని తినుట నేరము కాదు గదా!

కఱచిన చోటును కూడ పరిశీలింపవలెను. కయోటీ సాధారణముగా గొంతు పట్టును. దవడ వెనుక, చెవి క్రింద దాని కోఱలు దిగును. ఊరకుక్క తీరు వేఱు. అది ఆటగా తరుముచు తొడలను, డొక్కలను, చెవులను చీల్చును. పెక్కింటిని గాయపఱచి దేనిని గూడ సరిగా తినదు. పొరుగువాని పెంపుడుకుక్క చేసిన పాపము కయోటీ తలకు చుట్టుకొనుట అక్కడ అరుదు కాదు. అట్టి యెడ వేటగాడు పది కయోటీలను చంపినను మందకు కలుగు మేలు సున్న.

పిమ్మట జాడ. కుక్క అడుగు గుండ్రముగా, వ్రేళ్లు విచ్చుకొని యుండును. కయోటీ అడుగు కోలగా, వ్రేళ్లు దగ్గరకు ముడుచుకొని యుండును. నడకలో భేదము మరింత స్పష్టము. కుక్కకు ఇంట తిండి సిద్ధముగా నుండును. అందుచే అది ప్రతి పొదను వాసన చూచుచు వంకరటింకరగా పోవును. కడుపు కొఱకు తిరుగు కయోటీ కాలిని వ్యర్థముగా కదల్పదు. త్రాడు పట్టి గీచినట్లు ఒకే బారున పోవును. వెనుక కాలు ముందు కాలి గుర్తులోనే పడును. దారి నడుమ అది విడిచిన మలములో వెండ్రుకలు, ఎముక ముక్కలు, ఋతువును బట్టి పండ్ల గింజలు కనబడును. ఏమి తినుచున్నదో అది చెప్పును గాని, వట్టి చేతితో తాకరాదు. మనుష్యులకు సోకెడి బద్దెపురుగుల గ్రుడ్లు అందుండవచ్చును.

ఇక గాలి. ఈ విద్యకు ప్రాణము ఇదియే. పొదచాటున కూర్చున్నవానిని కయోటీ చూడకపోవచ్చును. మెల్లగా నడచినవాని అడుగుల చప్పుడు వినకపోవచ్చును. గాలి మోసికొనిపోయిన మనిషి వాసనను మాత్రము అది పొరపాటు పడదు. కావున వేటగాడు చిటికెడు పిండినో, ఎండుగడ్డి పోచనో విడిచి గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో మాటిమాటికి చూచుకొనును. మృగము ఎటనుండి రాగలదని తలచునో, అటునుండి తన వైపునకు గాలి వీచునట్లు చోటు నెంచుకొనును. అంతటితో సరిపోదు. పిలుపు విని వచ్చు కయోటీ సూటిగా రాదు. విల్లువలె వంగి చుట్టు తిరిగి, గాలివాటున నిలిచి, పిలిచినవాని వాసన పట్టిన తరువాతనే దగ్గఱకు వచ్చును. తెలిసినవాడు తన వెనుక గాలివాటు ప్రక్కన దట్టమైన పొదలు లేకుండునట్లు చూచుకొనును. అటు మైదానమున్నచో అది చుట్టి వచ్చునపుడు బయటపడక తప్పదు. ఇద్దఱు వెళ్లినపుడు ఒకడు పిలుచును, తుపాకి గలవాడు గాలివాటున కొంత దూరమున కూర్చుండును.

చోటు చేరుటలోనే సగము వేటలు చెడిపోవునని పలువురు చెప్పుదురు. తెల్లవాఱకముందే బయలుదేరవలెను. మోటారుబండిని గుట్టకు ఆవల విడువవలెను. తలుపును విసరివేయక చేతితో అదిమి మూయవలెను. జేబులో తాళపుచెవులు, నాణెములు గలగలలాడరాదు. గుట్ట దాటవలసినపుడు శిఖరము మీదుగా నడచినచో ఆకాశము ముందు మనిషి ఆకారము మైలు దూరమునకు కనబడును. కావున పల్లపు దారిని, ఎండిన వాగు అడుగున పోవలెను. కూర్చుండునపుడు పొద వెనుక నక్కుట వాడుకగాని, పొదకు ముందు, దాని నీడలో, వీపు నానించి కూర్చుండుట మేలు. ఆకారము పొదలో కలిసిపోవును, చూపునకు అడ్డు ఉండదు. సూర్యుడు వెనుక నుండవలెను. ముఖము, చేతులు కప్పుకొనవలెను. ఎండలో మనిషి ముఖము కంచుపళ్లెమువలె తళుకుమనును. ఇన్ని చేసి, దోమ కుట్టినదని చేయి విసరినచో పడిన శ్రమ యంతయు వృథా.

పిలుపు అనగా గాయపడిన కుందేలు కేక. చెక్కతోనో కొమ్ముతోనో చేసిన చిన్న ఊదుడు బుఱ్ఱతో దానిని పలికింతురు. ఇప్పుడు విద్యుత్ యంత్రములలో అన్ని కూతలును దొరకుచున్నవి. చీకటిలో ఒంటి వేడిమిని బట్టి మృగమును చూపు దుర్భిణులును వచ్చినవి. మా అభిప్రాయమున ఊదుడు బుఱ్ఱయే మేలు. దానిలో ఊపిరి ఉన్నది, కాబట్టి తడబాటు ఉన్నది, కాబట్టి ప్రాణభయము వినబడును. మొదట మెల్లగా ఊదవలెను, ఏలయన కయోటీ నూఱు గజముల దూరముననే పండుకొని యుండవచ్చును. ఏమియు రానిచో క్రమముగా ధ్వని పెంచవలెను. అర నిమిషము ఊది, రెండు మూడు నిమిషములు ఊరకుండవలెను. ఆ ఊరకుండుటయే క్రొత్తవానికి చేతకాదు. ఇరువది నిమిషములైనను కదలక వేచియుండవలెను. ఆకాశమున కాకులు, మ్యాగ్‌పై పిట్టలు ఒక్కమాటుగా అరచినచో మృగము కదలినదని గ్రహింపవచ్చును. జనవరి, ఫిబ్రవరి మాసములు జతకట్టు కాలము. అప్పుడు కుందేలు కేకకన్న కయోటీ కూతకే అవి ఎక్కువగా స్పందించును. తమ పొలిమేరలో పరాయిదాని కూత వినబడినచో ఆ చోటి జంట ఊరకుండలేదు.

ఒకసారి మోసపోయి తప్పించుకొన్న కయోటీ ఆ కేకను మరల నమ్మదు. అందుచే ఒకే చోట వారము వారము ఊదువాడు కయోటీలకు పాఠము చెప్పు పంతులగును.

మృగము పరుగున వచ్చునపుడు వేటగాడు నోటితో చిన్నగా ‘వుఫ్’ మని మొరిగినచో అది క్షణకాలము ఆగి తల యెత్తును. కాల్చుటకు అదియే అదను. అయితే ఆ క్షణముననే రెండు ప్రశ్నలు వేసికొనవలెను. దాని వెనుక ఏమున్నది? గుండు తప్పినచో మట్టిగట్టులో దిగునా, ఎవరి యింటి వైపునకైన పోవునా? రెండవది, ఇది కయోటీయేనా? ఈ రెండవ ప్రశ్న చిన్నది కాదు. ఉత్తర కరొలినా రాష్ట్రపు తూర్పు భాగమున ఎఱ్ఱ తోడేళ్లు అతి స్వల్ప సంఖ్యలో మిగిలియున్నవి. లోకములో మరెచ్చటను అవి స్వేచ్ఛగా అడవిలో లేవు. మసక వెలుతురున వాటికిని కయోటీకిని భేదము తెలియక వేటగాండ్రు పలుమార్లు వాటినే కూల్చిరి. 2014 మే నెలలో సమాఖ్య న్యాయస్థానము ఆ అయిదు కౌంటీలలో కయోటీ వేటను నిలిపివేయునట్లు ఉత్తరువిచ్చినది. ఒక జాతి మనుగడ, మీట మీదనున్న ఒక వ్రేలి నిదానముపై ఆధారపడుట మనము తఱచు వినునది కాదు.

ఎన్ని చంపినచో మంద నిలుచును? ఈ ప్రశ్నకు అమెరికనులు చాలకాలము విషముతో జవాబు చెప్పిరి. ఆ విషము తిన్న కళేబరములను ముట్టి గ్రద్దలును, తదితర జంతువులును చచ్చుచుండుటచే, 1972లో అధ్యక్షుడు నిక్సన్ సమాఖ్య ప్రభుత్వ భూములలో దానిని నిషేధించెను. 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క కట్టి చూచిరి. ఏటేట నూటికి 75 వంతున చంపుచు వచ్చినను, సంతతి అంతరించుటకు 50 ఏండ్లు దాటునని తేలినది. చావగా మిగిలినవాటికి తిండి సమృద్ధిగా దొరకును, ఆడవి యెక్కువ పిల్లలను పెట్టును, ఆ పిల్లలు ఎక్కువగా బ్రదుకును. సామాన్యముగా ఒక ఈతకు ఆఱు పిల్లలు. గొఱ్ఱెలను చంపునవి ముఖ్యముగా ఆ పొలిమేరలో పిల్లలను సాకు జంటలు. కనుక దోషి యైన జంటను గుర్తించి వేటాడువాడు మందకు మేలు చేయును. కనబడినదాని నెల్ల కాల్చువాడు, గొఱ్ఱెల జోలికి పోని జంటను కూల్చి, ఆ పొలిమేరలోనికి ఎటువంటిదో తెలియని క్రొత్త జంటను పిలుచుకొనును. ఎవరు ఎక్కువ చంపిరో లెక్కించి బహుమతులిచ్చు పందెములు కొన్నిచోట్ల జరుగుచున్నవి. కాలిఫోర్నియాలో 2014లో అట్టి బహుమతులను నిషేధించిరి. ఈ పందెములకు వేట యను పేరు తగదని మా భావము.

1970 దశకము నుండి పలువురు మందలవారు పిరెనీస్ పర్వత ప్రాంతపు పెద్ద తెల్లకుక్కలను గొఱ్ఱెల నడుమనే పెంచుచున్నారు. కొందఱు గాడిదలను, లామాలను కాపు పెట్టుచున్నారు. కుక్క కాపు లేని మంద మంద కాదను మాట మన కురుమ గొల్లలకు ఎవరును నేర్పనక్కఱలేదు.

డల్లాసు, హ్యూస్టన్ నగరముల శివారులలో మన తెలుగు కుటుంబములు వేలకొలది కాపురమున్నవి. అచ్చటి పార్కుల వెంబడి, వాగుల వెంబడి కయోటీలు సంచరించుచుండును. మీ పిల్లలు అచ్చట నుండిన, టెలిఫోనులో ఈ నాలుగు మాటలు చెప్పుడు. ఊరి నడుమ తుపాకి మాట తలపరాదు. కుక్కపిల్లను రాత్రివేళ పెరటిలో ఒంటరిగా విడువరాదు. మిగిలిన అన్నము, పెంపుడు జంతువుల తిండి బయట పెట్టరాదు. ఎదురైనచో వీపు త్రిప్పి పరుగెత్తరాదు, ఏలయన పరుగెత్తునది దాని కంటికి కుందేలుతో సమానము. చేతులు పైకెత్తి గట్టిగా అరచుచు, దాని వైపే చూచుచు వెనుకకు అడుగు వేయవలెను. చేతిలో స్టీలుపళ్లెము, గరిటె ఉన్నచో ఇంకను మంచిది. ఆ మోత దానికి బొత్తిగా గిట్టదు.